మిషన్ కొనే ముందు మీ షెడ్డు గోడ మీది ప్లగ్గు చూడండి

మీరు అడిగింది ఇదీ. ఖమ్మంలో సొంత ఇల్లు, పక్కన కారు పెట్టుకునే రేకుల షెడ్డు. సింగిల్ ఫేజ్ కరెంటు, 3 కిలోవాట్ల లోడు. సెలవు రోజుల్లో వెల్డింగ్ నేర్చుకోవాలని ఉంది. మొదట పూలకుండీల స్టాండు, సామాన్ల రాక్, తర్వాత పెరటి గేటు, కుదిరితే పాత కారు అడుగున తుప్పు పట్టిన చోట అతుకు. బడ్జెట్ 15 వేలు. షాపతను 200 ఆంపియర్ల మిషన్ తీసుకోమన్నాడు. వీడియోల్లో అందరూ మిగ్, అంటే రాడ్డు బదులు తీగ దానంతటదే వచ్చే మిషన్, అంటున్నారు. డల్లాస్‌లో ఉన్న మీ తమ్ముడు అక్కడి నుంచి ఒకటి తెస్తానన్నాడు. వీటిలో ఏది?

ముందు జవాబు చెప్పేస్తాను. డీసీ ఇన్వర్టర్ స్టిక్ మిషన్ కొనండి. స్టిక్ అంటే మామూలు రాడ్డుతో చేసేది, ఇన్వర్టర్ అంటే ఇక్కడ ఇంటి బ్యాటరీది కాదు, లోపల ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే తేలికైన వెల్డింగ్ మిషన్. 120 నుంచి 140 ఆంపియర్లు నిజంగా ఇచ్చేది, ఎండాకాలంలో కూడా మీ పని మధ్యలో ఆగిపోనిది అయితే చాలు. మిషన్ మీద బడ్జెట్‌లో సగం మించి పెట్టకండి. మిగతా సగం ఎందుకు దాచుకోవాలో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాను.

నేను ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చేసి, విజయవాడ ఆటోనగర్‌లో పదకొండేళ్లు పనిచేసి, తర్వాత పదహారేళ్లుగా గేట్లు, గ్రిల్స్, షెడ్ల పని సొంతంగా చేస్తున్నాను. మా దగ్గరికి వచ్చి మిషన్ గురించి అడిగేవాళ్లందరూ మొదట ఆంపియర్ల సంఖ్యే అడుగుతారు. నేను మాత్రం వాళ్ల ఇంటి మీటరు గురించి అడుగుతాను.

ఎందుకంటే డబ్బా మీద ఉన్న 200 అనే సంఖ్య మిషన్ బయటికి ఇచ్చే కరెంటు. దానికి లోపలికి ఎంత కావాలో డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండదు. లెక్క మీరే వేసుకోవచ్చు. స్టిక్ వెల్డింగ్‌లో ఆర్క్ (రాడ్డుకూ ఇనుముకూ మధ్య మండే మెరుపు) వోల్టేజీకి ఒక ప్రామాణిక సూత్రం ఉంది: ఆంపియర్లను 0.04తో హెచ్చించి 20 కలపాలి. 100 ఆంపియర్ల దగ్గర 24 వోల్టులు. అంటే ఆర్క్‌లో 2.4 కిలోవాట్లు. మిషన్ లోపల వేడిగా పోయేది పోగా గోడ నుంచి 2.8 కిలోవాట్ల దాకా లాగుతుంది. ఈ చిన్న ఇన్వర్టర్ మిషన్లకు పవర్ ఫ్యాక్టర్ తక్కువ, చాలావాటికి 0.7 ప్రాంతంలో ఉంటుంది, అంటే అదే పనికి వైరులో ఇంకా ఎక్కువ కరెంటు పారుతుంది. కాబట్టి 230 వోల్టుల దగ్గర మీ వైరులో పారే కరెంటు 17 ఆంపియర్లు దాటుతుంది. అదే 200 దగ్గర పెడితే ఆర్క్‌కు 5.6 కిలోవాట్లు, మీ వైరులో 40 ఆంపియర్లు. మీ ఇంటి లోడు మొత్తం 3 కిలోవాట్లు. మీ షెడ్డులో ఉన్నది 16 ఆంపియర్ల ప్లగ్గు. అంటే 200 మిషన్ కొన్నా మీ ఇంట్లో దాన్ని 200 మీద వాడలేరు. వాడితే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే ఆపేసే స్విచ్చు) పడిపోతుంది. పడిపోకపోతే ఇంకా ప్రమాదం, గోడలో వైరు కాలుతుంది.

80 ఆంపియర్ల దగ్గర చూడండి. గోడ నుంచి 2.2 కిలోవాట్లు, సుమారు 14 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ప్లగ్గు దీన్ని మోస్తుంది. అయితే ఆ సమయంలో ఏసీ, గీజరు, బోరు మోటారు ఆపాలి. ఇంట్లో అందరికీ చెప్పి మొదలుపెట్టండి.

వైరు గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. మా ఊళ్లో ఇంటి దగ్గర పశువుల కొట్టానికి రెండు గొళ్లేలు అతికించాలని మిషన్ తీసుకెళ్లాను. ప్లగ్గు దూరంగా ఉంది. ఇంట్లో ఉన్న పెళ్లి పందిరి ఎక్స్‌టెన్షన్ వైరు, 15 మీటర్లది, 0.75 స్క్వేర్ ఎం.ఎం. సైజుది, చుట్ట విప్పకుండానే పెట్టాను. మూడో రాడ్డుకు ఆర్క్ ఊగడం మొదలైంది. నేను కరెంటు తక్కువ వస్తోందనుకుని నాబ్ ఇంకా పెంచాను. చుట్ట మధ్యలో వైరు కరిగి రెండు తీగలూ కలిసిపోయాయి. పక్కనే గడ్డివామి. ఆ రోజు మా నాన్న బకెట్టు ఇసుకతో పరిగెత్తుకు రాకపోతే కొట్టం మిగిలేది కాదు. తర్వాత లెక్క వేసుకున్నాను. ఆ సన్నని వైరులో 20 ఆంపియర్లు పారితే దాదాపు 15 వోల్టులు దారిలోనే పోతాయి, 300 వాట్ల వేడి ఆ చుట్టలో పుడుతుంది. ఒక చిన్న ఇస్త్రీ పెట్టెను గుడ్డల మూటలో చుట్టినట్టే. ఆ రోజు నుంచి ఎవరింటికి వెళ్లినా ముందు వైరు పట్టుకుని చూస్తాను.

అందుకే మీ 15 వేలల్లో మొదటి ఖర్చు మిషన్ కాదు. మెయిన్ బోర్డు నుంచి షెడ్డు దాకా 4 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు విడిగా లాగించండి. దానికి సీ రకం 25 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ కొడితే కరెంటు ఆపేసేది), చివర 32 ఆంపియర్ల ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించండి. సీ రకం ఎందుకంటే, మిషన్ ఆన్ చేసిన క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. బీ రకం పెడితే ఊరికే పడిపోతూ ఉంటుంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, ఎర్తింగ్ ఎలా ఉందో కూడా చూడమనండి. పాత ఇళ్లలో ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది. ముందు ముందు పని పెరిగితే విద్యుత్ సంస్థకు దరఖాస్తు పెట్టి లోడు 5 కిలోవాట్లకు పెంచుకోవచ్చు. డబ్బులకు బయటి పని చేయడం మొదలుపెడితే మాత్రం ఇంటి కనెక్షన్ మీద కుదరదు, కేటగిరీ మార్చుకోవాలి.

ఇప్పుడు మీరు అతికించబోయే ఇనుము సంగతి. కుండీల స్టాండుకు, రాక్‌కు మీరు కొనేది ఒక అంగుళం లేదా ఒకటిన్నర అంగుళం స్క్వేర్ పైపు. షాపులో గేజి అడుగుతారు. 18 గేజి అంటే 1.2 మి.మీ., 16 గేజి అంటే 1.6, 14 గేజి అంటే 2 మి.మీ. గేటుకు అయితే పైపు ఫ్రేము, లేదా 35 సైజు యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుము), 5 మి.మీ. మందం. అంతకు మించిన ఇనుము ఇంటి పనుల్లో రావడం అరుదు.

రాడ్డు సైజుల్ని మన షాపుల్లో నంబర్లతో పిలుస్తారు. 12 నంబరు అంటే 2.5 మి.మీ., 10 నంబరు అంటే 3.15, 8 నంబరు అంటే 4 మి.మీ. 12 నంబరు రాడ్డుకు 60 నుంచి 90 ఆంపియర్లు చాలు. 10 నంబరుకు 95 నుంచి 130 కావాలి. 8 నంబరుకు 140 పైన, అది మీకు అవసరం పడదు. 16 గేజి పైపును 12 నంబరు రాడ్డుతో 65, 70 దగ్గర అతికిస్తారు. గేటు యాంగిల్‌ను 10 నంబరుతో 110 దగ్గర అతికిస్తారు. మీ పని అంతా 60కీ 120కీ మధ్యలోనే ఉందన్నమాట. ఈ మధ్య భాగంలో స్థిరంగా, అణకువగా మండే మిషన్ కావాలి మీకు. పైన ఎంత పోతుందో అన్నది మీ పనికి అక్కర్లేని లెక్క.

అయితే పెద్ద సంఖ్య మిషన్ వల్ల ఒక లాభం ఉంది, అది చెప్పకపోతే షాపతనికి అన్యాయం చేసినట్టు. దాన్ని డ్యూటీ సైకిల్ అంటారు. పది నిమిషాల్లో ఎన్ని నిమిషాలు ఆర్క్ ఆపకుండా మండించవచ్చో చెప్పే శాతం. 160 ఆంపియర్ల దగ్గర 60 శాతం అంటే ఆరు నిమిషాలు మండించి నాలుగు నిమిషాలు ఆపాలి. ఈ శాతాన్ని 40 డిగ్రీల చుట్టుపక్కల వేడిలో కొలవాలని ప్రమాణం. ఖమ్మంలో మే నెల ఎండలు మీకు నేను చెప్పాలా? రేకుల షెడ్డులో మధ్యాహ్నం 40 ఎప్పుడో దాటిపోతుంది. కాబట్టి ప్లేటు మీద రాసిన శాతం మన ఎండాకాలానికి తగ్గించి చదువుకోవాలి.

ఇక్కడ ఒక లెక్క చాలా ఉపయోగపడుతుంది. మిషన్ లోపలి వేడి దాదాపుగా ఆంపియర్ల వర్గంతో పెరుగుతుంది. 200 దగ్గర 60 శాతం ఉన్న మిషన్ 155 దగ్గర ఆగకుండా నడుస్తుంది. అదే 200 దగ్గర 20 శాతం మాత్రమే ఉన్న మిషన్ 90 దగ్గరికి వస్తేగానీ ఆగకుండా నడవదు. రెండు డబ్బాల మీదా 200 అనే ఉంటుంది. ధరలో మాత్రం సగానికి సగం తేడా. ఎందుకు తేడా అని మీరు అడిగితే షాపతను కంపెనీ పేరు చెబుతాడు. అసలు సంగతి మిషన్ వెనక అతికించిన రేకు ప్లేటులో ఉంటుంది. ఆ ప్లేటులో ఆంపియర్ల కింద శాతాలు రాసి ఉంటాయి. శాతం రాయని మిషన్‌ను నేను ఎవరికీ కొనిపించను. లోపలికి లాగే కరెంటు ఎంతో కూడా అక్కడే ఉంటుంది. 200 ఇస్తానంటూ లోపలికి గరిష్ఠంగా 20 ఆంపియర్లే లాగుతానని రాసి ఉంటే, పైన వేసిన లెక్క ప్రకారం అది సాధ్యం కాదని మీకే అర్థమవుతుంది.

ఇంటి పనికి ఎంత శాతం కావాలి? 12 నంబరు రాడ్డు ఒకటి కాలడానికి నిమిషం, కొంచెం అటూ ఇటూ. తర్వాత అతుకు మీద పెంకులా గట్టిపడిన స్లాగ్ కొట్టాలి, బ్రష్ చేయాలి, చూసుకోవాలి, కొత్త రాడ్డు పెట్టాలి. కొత్తవాళ్లకు పదిలో మూడు నిమిషాలు ఆర్క్ మండితే గొప్ప. 100 దగ్గర 60 శాతం ఉన్న మిషన్ మిమ్మల్ని ఎప్పుడూ ఆపదు.

పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంది కదా అని మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు సలహా ఇస్తారు. నేను పని నేర్చుకున్నది దాని మీదే. మనిషి ఎత్తలేని బరువు, చక్రాల మీద తోసేవాళ్లం. రాగి చుట్టిన మిషన్ అయితే ఇరవై ఏళ్లు కూడా నడుస్తుంది, పాడైతే వైండింగ్ చేసేవాడు ప్రతి ఊళ్లో ఉంటాడు. కానీ షాపుల్లో ఉండేవి చాలావరకు త్రీ ఫేజ్‌లోని రెండు ఫేజులు, 415 వోల్టుల మీద నడిచేవి. మీ ఇంట్లో ఆ లైను లేదు. సింగిల్ ఫేజ్ మీద నడిచే చిన్నవి ఉన్నా, అవి లాగే కరెంటుకు వీధిలో బల్బులు మిణుకుమంటాయి. పైగా అది ఏసీ ఆర్క్. సెకనుకు వందసార్లు కరెంటు సున్నాకి వచ్చి వెళ్తుంది కాబట్టి ఆర్క్ నిలబెట్టడం కొత్త చేతికి కష్టం. సన్నని పైపు మీద ఇంకా కష్టం. ఇన్వర్టర్ డీసీ మీద రాడ్డు రాపిడి పెట్టగానే అందుకుంటుంది. ఐదారు కిలోల బరువు, భుజానికి తగిలించుకుని మేడ మీదికి తీసుకెళ్లొచ్చు. నేర్చుకునే మనిషికి మొదటి నెలలోనే విసుగు పుట్టించకపోవడం చాలా పెద్ద విషయం. ట్రాన్స్‌ఫార్మర్ మీద మొదలుపెట్టి రాడ్డు అంటుకుపోయి అంటుకుపోయి మానేసినవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్ల చేతిలో లోపం లేదు.

ఇన్వర్టర్‌కు శత్రువు ఇనుప పొడి. లోపల ఫ్యాన్ గాలి పీలుస్తుంది. మీరు పక్కనే గ్రైండింగ్ మిషన్ వేస్తే ఆ రజను అంతా లోపలి బోర్డు మీద పేరుకుంటుంది. ఏదో ఒక రోజు వానాకాలం తేమలో టప్పున పోతుంది. బోర్డు పోతే చిన్న ఊళ్లలో బాగుచేసేవాళ్లు తక్కువ, కొత్త బోర్డు ధర మిషన్ ధరలో సగం ఉంటుంది. కాబట్టి గ్రైండింగ్ చేసేటప్పుడు మిషన్ ఆపి దూరంగా పెట్టి గుడ్డ కప్పండి. మూడు నెలలకోసారి ప్లగ్గు తీసి, కొంతసేపు ఆగి, మూత విప్పకుండానే బ్లోయర్‌తో గాలి కొట్టండి. కొనేటప్పుడు కూడా వారంటీ ఎన్నేళ్లు అని అడగడంతో ఆపకండి, బోర్డు పోతే ఎక్కడికి పంపిస్తారు, ఎన్నాళ్లు పడుతుంది అని అడగండి. ఖమ్మంలోనో వరంగల్‌లోనో సర్వీసు ఉన్న బ్రాండు, పేరు చిన్నదైనా, సర్వీసు లేని పెద్ద పేరుకన్నా మీకు మంచిది. ఎసాబ్, ఆడోర్ లాంటి పాత కంపెనీలవి ధర ఎక్కువే, మీ బడ్జెట్‌లో సగానికి సరిపోకపోవచ్చు. ఇప్పుడు ఏడెనిమిది వేల ప్రాంతంలో మంచి మిషన్లే దొరుకుతున్నాయి.

కరెంటు తగ్గే సమస్య మీ వీధిలో ఉంటే అది కూడా చూసుకోండి. సాయంత్రం 190కి పడిపోయే చోట కొన్ని మిషన్లు ఆరెంజ్ లైటు వెలిగించి కూర్చుంటాయి. ప్లేటు మీదో పుస్తకంలోనో 170 లేదా 160 వోల్టుల నుంచి పనిచేస్తుందని రాసి ఉన్నది తీసుకోండి.

ఇక మిగ్. వీడియోల్లో అది ఎంత సులభంగా కనిపిస్తుందో నాకూ తెలుసు. తుపాకీ మీట నొక్కితే తీగ దానంతటదే వస్తుంది, స్లాగ్ ఉండదు, సన్నని రేకు మీద అందంగా పడుతుంది. కానీ దాని వెనక ఉన్న సామాను వీడియోలో కనిపించదు. గ్యాస్ సిలిండరు, దానికి రెగ్యులేటరు, నింపించుకోవడానికి తిరగడం, సిలిండరు డిపాజిట్ లేదా అద్దె. మీది మూడు వైపులా తెరిచి ఉన్న రేకుల షెడ్డు. కొంచెం గాలి వీచినా గ్యాస్ కవచం ఎగిరిపోయి అతుకు లోపల బుడగలు పడతాయి. గ్యాస్ లేకుండా ఫ్లక్స్ తీగతో (లోపల పొడి నింపిన తీగ) చేయొచ్చని చెబుతారు, నిజమే. దానికి ధ్రువాలు తిప్పాలి, తుపాకీ మైనస్‌కు రావాలి. చాలామందికి ఈ సంగతి చెప్పరు, వాళ్లు గ్యాస్ తీగకు పెట్టినట్టే పెట్టి, చిమ్మిన నిప్పురవ్వలు చూసి మిషన్ చెడ్డదనుకుంటారు. ఆ తీగ ధర కూడా రాడ్లకన్నా చాలా ఎక్కువ.

స్టిక్, మిగ్, టిగ్ మూడూ ఒకే డబ్బాలో ఉన్నాయని చెప్పే త్రీ ఇన్ వన్ మిషన్లు ఉన్నాయి. 15 వేల లోపు వచ్చేవాటిలో తీగ తోసే మోటారు, ప్లాస్టిక్ రోలర్లు బలహీనంగా ఉంటాయి. అందులోని టిగ్ (గ్యాస్ కవచంలో టంగ్‌స్టన్ మొనతో అతికించే పద్ధతి) కూడా డీసీ మాత్రమే, ఆర్గాన్ సిలిండరు విడిగా కొనాలి, దాంతో అల్యూమినియం అతకదు. దానికి ఏసీ టిగ్ కావాలి, అది వేరే ధర. స్టెయిన్‌లెస్ స్టీల్ రెయిలింగ్ పని మీద మనసు పుడితే అప్పుడు టిగ్ గురించి మాట్లాడుకుందాం.

మీ పాత కారు అడుగు విషయంలో మాత్రం నేను మొహమాటం లేకుండా చెబుతాను. కారు బాడీ రేకు 0.7, 0.8 మి.మీ. ఉంటుంది. రాడ్డుతో దాన్ని అతికించడం నాలాంటివాళ్లకే గండం, చిల్లు మీద చిల్లు పడుతుంది. దానికి సరైనది 0.6 లేదా 0.8 తీగతో గ్యాస్ మిగ్. తుప్పు చాసిస్ మీద గానీ, సస్పెన్షన్ బిగించే చోట గానీ, సీటు బెల్టు కొక్కేల దగ్గర గానీ ఉంటే, నేర్చుకునే చేత్తో దాని జోలికి వెళ్లకండి. అది విడిపోతే రోడ్డు మీద ప్రాణాలు పోతాయి. ఆ ఒక్క పని ఆటోనగర్‌లో ఇచ్చేయండి. ఆ ఒక్క పని కోసం మిగ్ కొనకండి.

డల్లాస్ మిషన్ గురించి ఒక్క మాట. అక్కడ ఇంటి ప్లగ్గులో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అక్కడ చవగ్గా వచ్చే చిన్న మిషన్లు చాలావరకు ఆ వోల్టేజీకే. మన 230లో పెడితే మొదటి క్షణంలోనే పోతుంది. రెండు వోల్టేజీల మీదా నడిచేవి ఉన్నాయి, అవి ఇక్కడా పనిచేస్తాయి. కానీ పాడైతే వారంటీ సముద్రం అవతల ఉంటుంది. తమ్ముడు ఏదైనా తేవాలనుకుంటే మంచి ఆటో డార్కెనింగ్ హెల్మెట్ తెమ్మనండి. ఏళ్ల తరబడి వాడుకుంటారు.

హెల్మెట్ దగ్గరికి వచ్చాం కాబట్టి, ఇది నాకు మిషన్ కన్నా ముఖ్యం. ఆటోనగర్‌లో నాతో పనిచేసిన కుర్రాడు పదిహేడేళ్లవాడు. టాక్, అంటే ముక్కలు కదలకుండా పెట్టే చిన్న చుక్క అతుకు, వేసేటప్పుడు ఒక్క క్షణమే కదా అని కళ్లు మూసుకుని, మొహం పక్కకు తిప్పి వేసేవాడు. అందరమూ అలాగే చేసేవాళ్లం, ఎవరూ తప్పని చెప్పలేదు. ఒక రాత్రి రెండు గంటలకు కళ్లల్లో కారం పోసినట్టుందని ఏడుస్తూ మా గది తలుపు కొట్టాడు. ఆర్క్ వెలుగులోని అతినీల కిరణాలు కంటి పై పొరను కాల్చేస్తాయి, నొప్పి మాత్రం కొన్ని గంటల తర్వాతే మొదలవుతుంది. అందుకే పని చేస్తున్నప్పుడు ఏమీ కాలేదనిపిస్తుంది. ఎవరో ఆలుగడ్డ ముక్కలు పెట్టమన్నారు, ఎవరో చుక్కల మందు తెచ్చారు. పొద్దున కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఇవేవీ వేయొద్దని తిట్టి, సరైన మందు ఇచ్చాడు. రెండు రోజుల్లో తగ్గింది. కానీ ఆ రాత్రి వాడి ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి చేత్తో పట్టుకునే నల్లద్దం కొనకండి. ఒక చేయి దానికే పోతుంది, రెండో చేత్తో ముక్క పట్టుకోవాలనిపించి దాన్ని పక్కన పెడతారు. తలకు తగిలించుకునే ఆటో డార్కెనింగ్ హెల్మెట్ పదిహేను వందల ప్రాంతంలో వస్తుంది. 80 ఆంపియర్ల దాకా షేడ్ (అద్దం నలుపు సంఖ్య) 10, ఆ పైన 11 పెట్టుకోండి. అద్దం నల్లబడకముందు కూడా అతినీల కిరణాలను ఆపుతుందని దాని మీద రాసి ఉండాలి. షెడ్డుకు వీధివైపు ఒక పాత గోనెపట్టానో రేకో అడ్డం కట్టండి. పిల్లలు ఆ వెలుగు చూడటానికి తప్పకుండా వస్తారు.

డబ్బు ఇలా పంచుకోవచ్చు: మిషన్‌కు ఏడున్నర వేలు, వైరింగ్‌కు ఎలక్ట్రీషియన్ దూరం చూసి చెప్పినంత, 4 అంగుళాల గ్రైండింగ్ మిషన్‌కు రెండున్నర, హెల్మెట్‌కు ఒకటిన్నర, తోలు గ్లవ్స్, ముక్కు మాస్కు, చిప్పింగ్ సుత్తి, వైరు బ్రష్, ఒక ప్యాకెట్ 12 నంబరు రాడ్లకు వెయ్యి. గ్రైండింగ్ మిషన్ లేకుండా వెల్డింగ్ లేదు. ఇనుము కోయాలన్నా, తుప్పు తీయాలన్నా, మీ మొదటి అతుకులను చెరిపేసి మళ్లీ వేయాలన్నా అదే దిక్కు. దాని గార్డు ఎప్పుడూ తీయకండి.

మిషన్‌తో వచ్చే కేబుళ్లను చూడండి. చవక మిషన్లతో ఇచ్చే హోల్డరు కేబులు రెండు మీటర్లే, అదీ రాగి పూత పూసిన అల్యూమినియం. పది నిమిషాల్లో వేడెక్కుతుంది. 16 స్క్వేర్ ఎం.ఎం. రాగి కేబులు మూడు మీటర్లు మీటరు లెక్కన కొనుక్కుని మార్చుకోండి. ఎర్త్ క్లాంప్, అంటే అతికించే ఇనుముకు పట్టించే క్లిప్పు, గట్టి స్ప్రింగు ఉన్నది తీసుకోండి. ఆర్క్ సరిగా రావట్లేదని నా దగ్గరికి వచ్చినవాళ్లలో సగం మందికి లోపం ఎర్త్ క్లాంప్ కింద ఉన్న రంగు, తుప్పు. అక్కడ గీకి తెల్లటి ఇనుము మీద పట్టిస్తే సమస్య తీరిపోతుంది.

షాపులోనే రాడ్డు వెలిగించి చూపించమని అడగండి. హైదరాబాద్ రాణీగంజ్‌లో అడిగినా, మీ ఊరి హార్డ్‌వేర్ షాపులో అడిగినా, మంచి షాపతను కాదనడు. 12 నంబరు రాడ్డు 70 మీద పెట్టి, ఆగకుండా మూడు రాడ్లు కాల్చండి. రాడ్డు అంటుకున్నప్పుడు కరెంటు తగ్గించి వదిలిపెట్టే యాంటీ స్టిక్, అంటించేటప్పుడు ఒక తోపు ఇచ్చే హాట్ స్టార్ట్ ఉన్నాయో లేదో అప్పుడే తెలుస్తుంది. ఈ రెండూ కొత్త చేతికి నిజంగా సాయం చేస్తాయి. రాడ్డు తాకనప్పుడు హోల్డరు దగ్గర 60, 70 వోల్టులు ఉంటాయి. వీఆర్‌డీ అనేది దాన్ని బాగా తగ్గించే ఏర్పాటు. వానాకాలంలో చెమట చేతులతో, తడి నేల మీద పనిచేసే మనకు అది ఉంటే మంచిదే. ఉన్నా సరే, తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి రాడ్డు మార్చకండి. కింద ఒక ఎండు చెక్క వేసుకోండి.

పొగ గురించి కూడా చెప్పాలి. జీఐ పైపు చవగ్గా దొరికిందని తెచ్చి అలాగే అతికిస్తారు. ఆ పూతలోని జింకు పొగై లోపలికి పోతే సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. బెల్లం తింటే, పాలు తాగితే పోతుందని మాలో చాలామంది నమ్మకం. అవి పొగను ఆపవు. అతుకు చోట పూత అంతా గ్రైండ్ చేసి తీసేయండి, గాలి మీ పక్క నుంచి వచ్చి పొగను మొహానికి దూరంగా తీసుకుపోయేలా నిలబడండి, మాస్కు పెట్టుకోండి. మొదట్లో పూత లేని నల్ల పైపే కొనండి. స్కూటర్ మీద గానీ కారు మీద గానీ చిన్న అతుకు వేయాల్సి వస్తే ముందు బ్యాటరీ తీగలు విప్పండి. పెట్రోలు ట్యాంకు ఖాళీగా ఉన్నా దాన్ని ముట్టుకోకండి. ఖాళీ ట్యాంకులో ఉండే ఆవిరే పేలుతుంది. పని అయ్యాక ఎక్కడా నిప్పు రాజుకోలేదని చూసుకుంటూ అరగంట షెడ్డులోనే ఉండండి, కారును ముందే బయట పెట్టండి, ఇసుక బకెట్టు దగ్గర ఉంచుకోండి. నైలాన్, పాలిస్టర్ బట్టలు వద్దు, పాత కాటన్ చొక్కా పొడుగు చేతులది వేసుకోండి.

మిషన్ వచ్చిన మొదటి నెల స్టాండు చేయకండి. తుక్కు షాపు నుంచి 5 మి.మీ. ఫ్లాట్ ముక్కలు నాలుగు కిలోలు తెచ్చుకోండి. 6013 రకం 12 నంబరు రాడ్డు, 80 ఆంపియర్లు. ఆర్క్ పొడవు రాడ్డు లోపలి తీగ మందమంతే ఉండాలి, రాడ్డును మీరు లాగే వైపుకు కొంచెం వాల్చి పట్టాలి. చదును ముక్క మీద గీతలు మాత్రమే వేయండి. సరిగా పడుతున్నప్పుడు ఆ శబ్దం రేకుల కప్పు మీద సన్నగా వాన కురిసినట్టు ఒకే తీరుగా ఉంటుంది. పటపటమని తెగుతుంటే దూరం ఎక్కువైందని అర్థం. ఆ తర్వాత రెండు ముక్కలు టీ ఆకారంలో అతికించి, వైసులో పట్టి సుత్తితో వంచి విరగ్గొట్టి లోపల చూడండి. స్లాగ్ ఇరుక్కుని ఉంటే కళ్లముందే కనిపిస్తుంది. ఒక ప్యాకెట్ రాడ్లు ఇలా కాలిపోయాక పైపు ముట్టుకోండి. సన్నని పైపుకు హోల్డరును మైనస్‌లో పెట్టి 60, 65 దగ్గర, ఒకేసారి లాగకుండా చిన్న చిన్న ముక్కలుగా వేయండి. ఫ్రేము అయితే నాలుగు మూలలా టాక్ వేసి, ఐమూల కొలత రెండు వైపులా సరిచూసి, ఒక మూల తర్వాత ఎదురు మూల అతికించండి. లేకపోతే వేడికి ఫ్రేము పక్కకు లాగేస్తుంది.

తెరిచిన రాడ్ల ప్యాకెట్ వానాకాలంలో తేమ పీల్చుకుంటుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి, వాడే ముందు ఎండలో ఆరబెట్టండి.

మీ మెయిన్ బోర్డు నుంచి షెడ్డుకు ఎన్ని మీటర్లు ఉంటుందో, ఇప్పుడున్న వైరు మీద ఏ సైజు రాసి ఉందో చూసి చెప్పండి. 25 మీటర్లు దాటితే 4 స్క్వేర్ ఎం.ఎం. బదులు 6 వేయించుకోవాల్సి ఉంటుంది. అది చూసుకున్నాకే షాపుకు వెళ్లండి.